ఆటోక్యాడ్ డైలాగ్ బాక్సులోంచి వీడియో ఆడించడం: చిక్కు ఎక్కడుంది?

ఆఫీసు పనికి, నక్షాలు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో ఒక లిస్ప్ (దాని సొంత ఆటోలిస్ప్ భాషలో రాసే చిన్న ప్రోగ్రామ్) రాసుకుని, దానికి ఒక డైలాగ్ బాక్స్ కూడా తగిలించాక, ఎవరికైనా తర్వాత పుట్టే కోరిక ఒకటే: ఓ మూల చిన్న బటన్ పెట్టి, నొక్కితే "ఇది ఎలా వాడాలి" అని రెండు నిమిషాల వీడియో వచ్చేలా చెయ్యాలి. కోరిక న్యాయమైనదే. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి కొత్తగా చేరిన పిల్లలకి లైన్, ట్రిమ్, హ్యాచ్ అన్నీ వస్తాయి, కానీ ఫలానా ఆఫీసులో లేయర్లకి పేర్లు ఎలా పెడతారో, టైటిల్ బ్లాకులో రివిజన్ ఎక్కడ మారుస్తారో ఏ కోర్సులోనూ చెప్పరు. పక్క సీటులో అన్నని పదేపదే అడగడం కంటే స్క్రీన్ రికార్డింగ్ చూసుకోవడం ఇద్దరికీ సుఖం.

తీరా రాయడానికి కూర్చుంటే మాత్రం, వినడానికి ఇంత చిన్నదిగా ఉన్న పని ఒక పూట తినేస్తుంది. బటన్ నొక్కితే ఏమీ జరగదు. లేదా వీడియో బదులు డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. లేదా మన సిస్టంలో ఆడింది పక్క సిస్టంలో ఆడదు. వీటిలో ఏదీ వీడియో సమస్య కాదు. అసలు ఈ పనిలో ఎవరి వాటా ఎంతో తెలియకపోవడం వల్ల వచ్చే తంటా. అందుకే కోడ్ అప్పజెప్పేసే బదులు, ఎవరు ఏం చేస్తారో విడదీసి చెబుతాను. ఫంక్షన్ల పేర్లు, ఫైల్ పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను, ఎడిటర్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

ముందుగా ఒక ఆశ వదులుకోవాలి. డిసిఎల్‌తో, అంటే డైలాగ్ బాక్సుల రూపం రాసుకునే ఆటోక్యాడ్ భాషతో, రాసిన డైలాగ్ బాక్స్ లోపల వీడియో ఆడదు. ఏ ట్రిక్కు వేసినా ఆడదు. డిసిఎల్ వచ్చింది 1992 జూన్‌లో, ఆటోక్యాడ్ రిలీజ్ 12తో పాటు. అప్పట్లో ఆటోక్యాడ్ డాస్ మీదా నడిచేది, యునిక్స్ మీదా నడిచేది, ఆ తర్వాత విండోస్ మీదకీ వచ్చింది, కాబట్టి ఒకే డైలాగ్ ఫైల్ అన్నిచోట్లా పనిచెయ్యాలంటే అందరికీ ఉమ్మడిగా ఉండే సరుకే పెట్టగలిగారు: బటన్, ఎడిట్ బాక్స్, లిస్ట్ బాక్స్, పాపప్ లిస్ట్, రేడియో బటన్, టాగుల్, స్లయిడర్, ఒక ఇమేజ్ గడి. మైక్రోసాఫ్ట్ వాళ్ల వీడియో ఫర్ విండోస్, దాంతో పాటు ఎవిఐ ఫైలు, అదే ఏడాది నవంబరులో గానీ రాలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆటోక్యాడ్ ఎంతో మారింది గానీ డిసిఎల్ దాదాపు అక్కడే ఉంది.

ఇమేజ్ గడి ఉంది కదా, కనీసం వీడియో మొదటి ఫ్రేమైనా చూపిద్దాం అనుకుంటారు. అదీ కుదరదు. ఆ గడికి జేపీజీ తెలియదు, పీఎన్‌జీ తెలియదు, ఎంస్లయిడ్ కమాండ్‌తో తీసిన స్లయిడ్ ఫైల్ ఒక్కటే తెలుసు, అది కాకపోతే మనం కోడ్‌తో గీసే గీతలూ, నింపే రంగులూ. పోనీ స్లయిడ్లు వరసగా మార్చి కదిలే బొమ్మలా చూపిద్దామా అంటే డిసిఎల్‌లో టైమర్ లేదు. యూజర్ ఏదో ఒకటి నొక్కినప్పుడే మన కోడ్ మేలుకుంటుంది, అంతవరకు నిద్రే. కాబట్టి గడిలో నల్లటి చతురస్రం నింపి మధ్యలో తెల్ల త్రికోణం గీసి ప్లే బటన్‌లా కనిపించేలా చెయ్యండి, చూడ్డానికి బాగుంటుంది, అక్కడితో ఆపండి.

అంటే వీడియో బయటే ఆడాలి. బటన్ నొక్కారన్న కబురు చెప్పడం డిసిఎల్ పని. ఏ ఫైల్ ఆడాలో తేల్చడం లిస్ప్ పని. ఆ ఫైల్‌ని ఏ ప్లేయర్‌తో తెరవాలో విండోస్‌కి తెలుసు. ముగ్గురూ ఎవరి పని వాళ్లు బాగానే చేస్తారు, తేడా వచ్చేదల్లా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే దగ్గర.

లిస్ప్ రాసేవాళ్లకి అలవాటు కొద్దీ మొదట చేతికొచ్చేది కమాండ్ ఫంక్షన్. ఆటోక్యాడ్ కమాండ్ లైన్లో స్టార్ట్ అనో, ఎక్స్‌ప్లోరర్ అనో, బ్రౌజర్ అనో టైప్ చేస్తే చక్కగా పనిచేస్తుంది (మొదటి రెండూ, కమాండ్ల షార్ట్‌కట్లు ఉండే పీజీపీ ఫైల్లో రాసిపెట్టి ఉన్న బయటి కమాండ్లు), కాబట్టి అదే బటన్ వెనకాల పెడతారు. నొక్కగానే "ఆటోక్యాడ్ రిజెక్టెడ్ ఫంక్షన్" అని ఎర్రర్. ఇది బగ్గు కాదు, నియమం. డైలాగ్ తెర మీద ఉన్నంతసేపు కమాండ్ లైన్‌తోనూ, డ్రాయింగ్‌తోనూ మాట్లాడే ఫంక్షన్లు చాలావరకు నిషిద్ధం: కమాండ్, గెట్‌పాయింట్, ఎంట్‌సెల్, గెట్‌స్ట్రింగ్, ఆఖరికి ప్రాంప్ట్ కూడా. బయటి ప్రోగ్రామ్‌ని లేపే స్టార్ట్‌యాప్ ఫంక్షన్ ఈ జాబితాలో లేదు. మనకి దారి దొరికేది అక్కడే.

స్టార్ట్‌యాప్ రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, ఒకటి నడపాల్సిన ప్రోగ్రామ్, రెండోది దానికి ఇవ్వాల్సిన ఫైల్. మొదటి స్థానంలో నేరుగా వీడియో ఫైల్ పేరు ఇచ్చి ఆడట్లేదని తలపట్టుకునేవాళ్లు చాలామంది. ఎంపి4 ప్రోగ్రామ్ కాదుగా. డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్లేయర్ కావాలో వెతికిపెట్టేది విండోస్ షెల్, స్టార్ట్‌యాప్‌కి ఆ తెలివి లేదు, అది ఈఎక్స్ఈని మాత్రమే లేపగలదు. అందుకని షెల్‌నే లేపాలి: (స్టార్ట్‌యాప్ "ఎక్స్‌ప్లోరర్" ఫైల్). ఎక్స్‌ప్లోరర్ చేతికి ఫైల్ ఇస్తే, డబుల్ క్లిక్ చేసినట్టే, ఆ సిస్టంలో ఎంపి4కి ఏ ప్లేయర్ కట్టి ఉంటే దానితో తెరుస్తుంది. చాలా ఆఫీసులకి ఈ ఒక్క లైను చాలు.

కానీ దీని జవాబుని నమ్మకూడదు. స్టార్ట్‌యాప్ సున్నా కంటే పెద్ద సంఖ్య తిరిగిచ్చిందంటే ఎక్స్‌ప్లోరర్ లేచిందని అర్థం, అంతే. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు, పడ్డ చప్పుడు వినిపిస్తుంది గానీ చేరిందో లేదో డబ్బా చెప్పదు. ఫైల్ అక్కడ లేకపోతే ఎక్స్‌ప్లోరర్ ఫిర్యాదు చెయ్యకుండా డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిచి కూర్చుంటుంది, లిస్ప్‌కేమో అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది. అందుకే పంపే ముందే ఫైండ్‌ఫైల్‌తో చూసుకోవాలి. అది నిల్ (ఏమీ లేదు అని) ఇస్తే అలర్ట్ బాక్సులో "వీడియో దొరకలేదు" అని, వెతికిన పేరు కూడా చూపించాలి. పేరు చూపించడం ముఖ్యం, నాలుగు నెలల తర్వాత ఎవరో ఫోల్డర్ పేరు మార్చినప్పుడు ఆ ఒక్క మాటే మనల్ని కాపాడుతుంది. ఇంకో లాభం, ఫైల్ ఆటోక్యాడ్ సపోర్ట్ పాత్‌లో (అది ఫైళ్లు వెతికే ఫోల్డర్లలో) ఉంటే ఫైండ్‌ఫైల్‌కి పేరొక్కటి ఇస్తే చాలు, పూర్తి పాత్ అదే తెచ్చిస్తుంది, అప్పుడు మన సిస్టంలో డి డ్రైవ్, వాళ్ల సిస్టంలో ఇ డ్రైవ్ అన్న గొడవ ఉండదు.

ఇక అసలు చిక్కుముడి, బ్యాక్‌స్లాష్‌లు. దీన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే పూట తినేసేది ఇదే.

వీడియో డి:\ట్రైనింగ్\లేయర్స్.ఎంపి4 దగ్గర ఉందనుకుందాం. దీన్ని అలాగే కోడ్‌లో కొటేషన్ల మధ్య పెడితే, లిస్ప్‌కి బ్యాక్‌స్లాష్ అంటే పాత్‌లో ముక్కల్ని విడదీసే గుర్తు కాదు, పక్క అక్షరానికి ప్రత్యేక అర్థం ఉందని చెప్పే సైగ. ట్రైనింగ్‌కి ఇంగ్లీషు స్పెల్లింగ్ టీతో మొదలవుతుంది, బ్యాక్‌స్లాష్ పక్కన టీ ఉంటే లిస్ప్ దాన్ని ట్యాబ్‌గా చదువుతుంది. ఫోల్డర్ పేరు న్యూ అయితే ఎన్ వచ్చి కొత్త లైన్ అయిపోతుంది. పాత్ చూస్తే సరిగ్గానే ఉంటుంది, ఫైల్ మాత్రం దొరకదు. అందుకని ప్రతి బ్యాక్‌స్లాష్‌నీ రెండు చెయ్యాలి: "డి:\\ట్రైనింగ్\\లేయర్స్.ఎంపి4". ఇంతవరకు చాలామందికి తెలుసు.

తెలియనిది తర్వాతి మెట్టు. బటన్‌కి పని అప్పగించే యాక్షన్_టైల్ ఫంక్షన్, ఆ పనిని కోడ్‌గా కాకుండా స్ట్రింగ్‌గా (కొటేషన్ల మధ్య పెట్టే అక్షరాల వరసగా) అడుగుతుంది. అంటే మనం రాసింది రెండుసార్లు చదవబడుతుంది. ఫైల్ లోడ్ అయినప్పుడు ఒకసారి, యూజర్ బటన్ నొక్కినప్పుడు ఆ స్ట్రింగ్‌ని కోడ్‌గా మార్చేటప్పుడు రెండోసారి. మొదటి చదువులో రెండు బ్యాక్‌స్లాష్‌లు ఒకటవుతాయి, రెండో చదువులో ఆ ఒక్కటీ పక్క అక్షరాన్ని మింగేస్తుంది. కాబట్టి పాత్‌ని యాక్షన్ స్ట్రింగ్‌లోనే రాయాలంటే ఒక్కో చోట నాలుగు పెట్టాలి, లోపలి కొటేషన్లకి తలా ఒకటి అదనం: "(చూపించు \"డి:\\\\ట్రైనింగ్\\\\లేయర్స్.ఎంపి4\")". ఒక్క చిన్న పాత్‌కి పది బ్యాక్‌స్లాష్‌లు. ఇందులో ఒకటి తగ్గితే ఎక్కడ తగ్గిందో కంటితో పట్టుకోవడం మామూలు మనిషి వల్ల కాదు.

దీనికి మందు, లెక్కపెట్టడం నేర్చుకోవడం కాదు, పాత్‌ని ఆ స్ట్రింగ్‌లోకి రానివ్వకపోవడం. ఫైళ్ల పాత్‌లన్నీ ఒక వేరియబుల్లో జాబితాగా పెట్టుకోండి, బటన్‌కి మాత్రం "(చూపించు $కీ)" అని చెప్పండి చాలు. నొక్కిన బటన్ పేరు $కీలో అదే వస్తుంది, ఆ పేరుతో జాబితాలోంచి పాత్ తీసుకోవచ్చు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఫర్‌ఈచ్ లూపులో పది బటన్లకి ఒకేసారి యాక్షన్ తగిలించేటప్పుడు, లూపు వేరియబుల్ పేరుని ఆ స్ట్రింగ్‌లో రాస్తే ఏ బటన్ నొక్కినా సరైన వీడియో రాదు, ఎందుకంటే స్ట్రింగ్ ఆ క్షణంలో ఉన్న విలువని గుర్తుపెట్టుకోదు, నొక్కినప్పుడు ఆ పేరుతో ఏముంటే అదే చూస్తుంది, అప్పటికి లూపు అయిపోయి ఉంటుంది. $కీ వాడితే ఈ బెడద లేదు.

ఫార్వర్డ్ స్లాష్ వాడితే ఈ గోలంతా ఉండదుగా అని ఎవరైనా అంటారు. లిస్ప్ వరకు నిజమే, అది రెండింటినీ ఒప్పుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్ ఒప్పుకోదు. ఫార్వర్డ్ స్లాష్ ఉన్న పాత్ ఇస్తే మళ్లీ అదే డాక్యుమెంట్స్ ఫోల్డర్. రాసేటప్పుడు ఫార్వర్డ్ స్లాష్ రాసుకుని, పంపే ముందు వీఎల్-స్ట్రింగ్-ట్రాన్స్‌లేట్‌తో మార్చెయ్యడం మంచి పద్ధతి. ఇక ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే, "ఆఫీస్ వీడియోస్" లాంటివి, విండోస్ దాన్ని రెండు ముక్కలుగా చూసే ప్రమాదం ఉంది కాబట్టి పాత్ చుట్టూ అసలు కొటేషన్ గుర్తులు కూడా చేర్చి పంపాలి, స్ట్ర్‌క్యాట్‌తో ముందొకటి వెనకొకటి. ఖాళీ ఉన్నా లేకపోయినా ఎప్పుడూ చేర్చడమే మేలు.

నన్నడిగితే వీడియోకొక బటన్ పెట్టడమే దండగ. ఐదో వీడియో వచ్చిన రోజు డిసిఎల్ మార్చాలి, లిస్ప్ మార్చాలి, అందరి సిస్టంలకీ కొత్తది పంపాలి. దాని బదులు ఒక లిస్ట్ బాక్స్ పెట్టండి. డైలాగ్ తెరిచేటప్పుడు వీఎల్-డైరెక్టరీ-ఫైల్స్ ఫంక్షన్‌కి ఫోల్డర్ పేరూ, "*.ఎంపి4" అన్న గుర్తూ ఇస్తే అక్కడున్న వీడియోల పేర్లన్నీ జాబితాగా వస్తాయి, వాటిని స్టార్ట్_లిస్ట్, యాడ్_లిస్ట్, ఎండ్_లిస్ట్‌లతో బాక్సులో నింపితే అయిపోయింది. రేపు కొత్త వీడియో తీసి ఆ ఫోల్డర్లో పడేస్తే దానంతటదే జాబితాలో కనిపిస్తుంది, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. యూజర్ ఎంచుకున్నది $వాల్యూలో వస్తుంది, పేరుగా కాదు, ఎన్నోదో చెప్పే సంఖ్యగా, అదీ సున్నా నుంచి మొదలై, అదీ స్ట్రింగ్‌గా. కాబట్టి ఎటోఐతో సంఖ్య చేసి ఎన్‌టిహెచ్‌తో తియ్యాలి. ఒక్కసారి క్లిక్ చేస్తే $రీజన్ 1 అవుతుంది, డబుల్ క్లిక్ చేస్తే 4. నాలుగైతేనే ఆడించండి, లేకపోతే జాబితాలో కిందికీ పైకీ తిరుగుతున్నంతసేపు వీడియోలు వరసగా మీద పడతాయి.

ఇప్పుడు వీడియో ఆడుతోంది. ఆడుతుండగా యూజర్ ఏం చేస్తాడు? వీడియోలో చూపించినట్టు డ్రాయింగ్‌లో చేసి చూడాలనుకుంటాడు. చెయ్యలేడు. డిసిఎల్ డైలాగ్ తెర మీద ఉన్నంతసేపు ఆటోక్యాడ్ విండో మొత్తం తాళం వేసినట్టే, జూమ్ కూడా కాదు. ప్లేయర్ వేరే ప్రోగ్రామ్ కాబట్టి అది మాత్రం హాయిగా నడుస్తుంటుంది. పైగా ఒక్కోసారి ప్లేయర్ ఆటోక్యాడ్ వెనకాల తెరుచుకుంటుంది, శబ్దం వినిపిస్తుంది బొమ్మ కనపడదు, కింద టాస్క్‌బార్‌లో దాని గుర్తు మినుకుమినుకుమంటూ ఉంటుంది. పరిచయం వీడియో అయితే ఫర్వాలేదు గానీ, చూస్తూ చెయ్యాల్సిన పాఠమైతే ఈ ఏర్పాటు పనికిరాదు.

అందుకని వీడియో పెట్టేముందు డైలాగ్‌ని మూసెయ్యడమే సరైన దారి, నేను దీన్నే గట్టిగా సిఫార్సు చేస్తాను. డన్_డైలాగ్‌కి ఒక సంఖ్య ఇవ్వొచ్చు. ఓకే నొక్కితే స్టార్ట్_డైలాగ్ 1 తిరిగిస్తుంది, క్యాన్సిల్ అయితే 0, రెండు నుంచి పైసంఖ్యలు మన ఇష్టం. కాబట్టి డబుల్ క్లిక్ అయినప్పుడు ఎంచుకున్న ఫైల్‌ని ఒక వేరియబుల్లో దాచుకుని (డన్_డైలాగ్ 2) అనాలి. డైలాగ్ మూసుకుంటుంది, స్టార్ట్_డైలాగ్ తర్వాతి లైనుకి వంతు వస్తుంది, అక్కడ తిరిగొచ్చింది 2 అయితే వీడియో లేపాలి. ఇప్పుడు డ్రాయింగ్ ఖాళీ, నిషేధాలు లేవు, కమాండ్ కూడా వాడుకోవచ్చు. అయితే డైలాగ్ మూసుకున్నాక గెట్_టైల్‌తో ఏ గడి విలువా తెలుసుకోలేం, యూజర్ అప్పటికి నింపిన అంకెలూ పేర్లూ అన్నీ మూసేముందే వేరియబుల్స్‌లోకి తీసుకుని పెట్టుకోవాలి.

వీడియో చూశాక డైలాగ్ మళ్లీ రావాలా? రావాలంటే మొత్తాన్ని వైల్ లూపులో పెట్టి, తిరిగొచ్చిన సంఖ్య ఒకటి కంటే పెద్దదిగా ఉన్నంతసేపు న్యూ_డైలాగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యలో "అయ్యాక ఎంటర్ నొక్కండి" అని ఒక గెట్‌స్ట్రింగ్ పెట్టకపోతే వీడియో లేచిన మరుక్షణమే డైలాగ్ మళ్లీ మీదకొచ్చి కూర్చుంటుంది, మూసిన ప్రయోజనం ఉండదు. ఒక చిన్న మర్యాద కూడా ఉంది: డన్_డైలాగ్ మూసుకుంటూ డైలాగ్ తెర మీద ఎక్కడుందో ఆ స్థానం ఇచ్చిపోతుంది, దాన్ని న్యూ_డైలాగ్‌కి నాలుగో ఆర్గ్యుమెంటుగా ఇస్తే (మూడోది ఖాళీ స్ట్రింగ్) సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. యూజర్ పక్కకి జరిపి పెట్టుకున్న డైలాగ్ ప్రతిసారీ నడిమధ్యకి వచ్చి పడితే విసుగు రాదూ.

ఎక్స్‌ప్లోరర్ కాకుండా ఇంకో దారి ఉంది, యాక్టివ్‌ఎక్స్ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో పని చేయించుకునే విండోస్ పద్ధతి) ద్వారా షెల్‌తో నేరుగా మాట్లాడటం. ముందు వీఎల్-లోడ్-కామ్, తర్వాత "షెల్.అప్లికేషన్" అనే ఆబ్జెక్టుని తయారుచేసి, దాని ఓపెన్ అనే మెథడ్‌కి పాత్ ఇవ్వాలి, పనయ్యాక ఆబ్జెక్టుని రిలీజ్ చెయ్యాలి. వీడియో యూట్యూబ్‌లోనో, ఆఫీసు వెబ్‌సైట్‌లోనో ఉంటే అదే ఓపెన్‌కి లింక్ ఇస్తే బ్రౌజర్‌లో తెరుస్తుంది. "డబ్ల్యూస్క్రిప్ట్.షెల్" ఆబ్జెక్టులో ఉన్న రన్ మెథడ్ కూడా ఇదే పని చేస్తుంది, దానికి "పూర్తయ్యేదాకా ఆగు" అని కూడా చెప్పొచ్చు. వద్దు. ఆగమంటే ఆటోక్యాడ్ నిజంగానే ఆగుతుంది, విండో తెల్లబడి "నాట్ రెస్పాండింగ్" అని వస్తుంది, సేవ్ చెయ్యని డ్రాయింగ్ ఉన్నవాడు టెన్షన్‌తో టాస్క్ మేనేజర్ తెరుస్తాడు.

ఇలా లిస్ప్‌లోంచి బయటి ప్రోగ్రాములు లేపడాన్ని యాంటీవైరస్‌లు ఎందుకంత అనుమానంగా చూస్తాయని అడిగేవాళ్లకి 2012 సంగతి చెప్పాలి. ఆ ఏడాది జూన్‌లో ఈసెట్ అనే యాంటీవైరస్ సంస్థ మెడ్రే అనే పురుగుని (వైరస్ లాంటి ప్రోగ్రామ్‌ని) బయటపెట్టింది, అది ఎక్కువగా పెరూ దేశంలో వ్యాపించింది. ఆటోలిస్ప్‌లోనే రాసిన పురుగు. విండోస్‌లో ఉండే స్క్రిప్ట్ ప్రోగ్రామ్ సాయంతో, తెరిచిన డ్రాయింగులని చైనాలోని ఈమెయిల్ అకౌంట్లకి పంపేది. మన వీడియో బటన్ నడిచేదీ, ఆ పురుగు నడిచిందీ ఒకే దారిలో, ఉద్దేశాలే వేరు. ఆటోక్యాడ్ 2014లో సెక్యూర్‌లోడ్, ట్రస్టెడ్‌పాత్స్ అనే వేరియబుల్స్ వచ్చాయి, నమ్మకమైన ఫోల్డర్లలో లేని లిస్ప్‌ని లోడ్ చెయ్యబోతే అడుగుతుంది. ఆ ప్రశ్న విసుగనిపించి సెక్యూర్‌లోడ్‌ని సున్నా చేసేవాళ్లున్నారు, అది తలుపుకి గడియ తీసెయ్యడమే, మన లిస్ప్ ఉన్న ఫోల్డర్‌ని ట్రస్టెడ్‌పాత్స్‌లో చేరిస్తే సరిపోయేదానికి. స్క్రిప్ట్ ఆబ్జెక్టులని అడ్డుకునే ఆఫీసుల్లో ఎక్స్‌ప్లోరర్ దారే నిలబడుతుంది, అందుకే అది నా మొదటి ఎంపిక.

ప్లేయర్ విషయం. పాత కోడ్ దొరికిందని సంబరపడేముందు అందులో ఏ ప్లేయర్ పేరుందో చూడండి. విండోస్ 98 కాలం లిస్ప్‌లలో ఎంప్లేయర్ ఉంటుంది, ఎక్స్‌పీ కాలం వాటిలో ఎంప్లే32. రెండోది విస్టాతో పోయింది, కాబట్టి ఆ లైన్ ఇప్పుడు నిల్ ఇచ్చి ఊరుకుంటుంది. డబ్ల్యూఎంప్లేయర్ పేరు రాస్తే, స్టార్ట్‌యాప్ దాన్ని సిస్టం పాత్ వేరియబుల్లో ఉన్న ఫోల్డర్లలోనే వెతుకుతుంది, అది ఉండేదేమో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద, పూర్తి పాత్ ఇవ్వాల్సిందే. అందుకే మామూలుగా ప్లేయర్ పేరు కోడ్‌లో రాయకూడదు, విండోస్‌కే వదిలెయ్యాలి.

ఒక్కచోట మాత్రం పేరు రాయడం లాభం. గంటసేపు సాగే ట్రైనింగ్ రికార్డింగ్ ఒకటే ఉంది, దాన్ని ముక్కలు కోసే ఓపిక ఎవరికీ లేదు, కానీ లేయర్ల డైలాగ్‌లో బటన్ నొక్కితే లేయర్ల దగ్గర్నుంచి మొదలవ్వాలి. వీఎల్‌సీ అనే ప్లేయర్ ఈ పని చేస్తుంది. ఫైల్ పాత్‌తో పాటు --స్టార్ట్-టైమ్=95 అని ఇస్తే తొంభై ఐదో సెకను నుంచి ఆడుతుంది, --స్టాప్-టైమ్‌తో ఆగే చోటు చెప్పొచ్చు, --ప్లే-అండ్-ఎగ్జిట్ పెడితే అయిపోగానే దానంతటదే మూసుకుంటుంది. ఒక టెక్స్ట్ ఫైల్లో వరసకొకటి చొప్పున పేరు, మొదలు సెకను, ఆఖరి సెకను రాసిపెట్టి, లిస్ప్ దాన్ని చదివి లిస్ట్ బాక్స్ నింపేలా చేస్తే, ఒకే వీడియో నుంచి పాతిక పాఠాలు తయారవుతాయి. వీఎల్‌సీ ఉచితమే కాబట్టి ఆఫీసులో అందరికీ వేయించడం పెద్ద కష్టం కాదు. ఫైండ్‌ఫైల్‌తో వీఎల్‌సీ ఉందో లేదో చూసి, లేకపోతే ఎక్స్‌ప్లోరర్‌తో మొదటి నుంచి ఆడించండి.

లేదు, డైలాగ్ లోపలే ఆడాలి అని పట్టుబట్టేవాళ్లకి దారులు లేకపోలేదు. ఓపెన్‌డిసిఎల్ అనే ఉచిత పొడిగింపులో యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్స్ పెట్టొచ్చు, డ్రాయింగ్‌ని ఆపకుండా పక్కన ఉండే డైలాగులూ చెయ్యొచ్చు, కానీ దాని రన్‌టైమ్ ప్రతి సిస్టంలోనూ వెయ్యాలి. విబిఎ (మైక్రోసాఫ్ట్ వాళ్ల మాక్రో భాష) ఫారంలో మీడియా ప్లేయర్ కంట్రోల్ పెట్టడం ఒకప్పుడు అందరూ చేసేదే, 2010 వెర్షన్ నుంచి విబిఎ ఆటోక్యాడ్‌తో పాటు రావడం మానేసింది, విడిగా దించుకోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకైతే పాలెట్ చేసి అందులో డబ్ల్యూపిఎఫ్ మీడియా ఎలిమెంట్ పెట్టడం శుభ్రమైన పని, డ్రాయింగ్ చేస్తూ పక్కన చూడొచ్చు. రిబ్బన్ బటన్ మీద మౌస్ నిలిపితే టూల్‌టిప్‌లోనే వీడియో ఆడే సదుపాయం కూడా డాట్‌నెట్‌లో ఉంది. అయితే రెండు నిమిషాల వీడియో కోసం విజువల్ స్టూడియో తెరవాలా అన్నది మీరే ఆలోచించుకోండి. రోజూ వందమంది వాడే టూల్ అయితే తెరవొచ్చు. పదిమంది ఆఫీసుకి వద్దు.

చివరగా వీడియోల పేర్ల గురించి, మనవాళ్లకి ప్రత్యేకంగా. వీడియోలో తెలుగులోనే చెప్పండి, పిల్లలకి ఎక్కుతుంది. ఫైల్ పేరు మాత్రం తెలుగు లిపిలో పెట్టకండి. ఆటోక్యాడ్ 2021లో లిస్ప్‌సిస్ అనే వేరియబుల్‌తో పాటు యూనికోడ్ (అన్ని లిపులకీ చోటున్న పద్ధతి) వచ్చేదాకా లిస్ప్ స్ట్రింగ్‌లు పాత ఏఎన్ఎస్ఐ పద్ధతిలోనే ఉండేవి, ఆ పద్ధతిలో తెలుగుకి చోటే లేదు, విండోస్‌లో తెలుగు మొదట్నుంచీ యూనికోడ్‌తోనే వచ్చింది. కాబట్టి 2020, అంతకుముందు వెర్షన్లలో "లేయర్లు.ఎంపి4" అని నిజంగా తెలుగు అక్షరాల్లో పెట్టిన ఫైల్ లిస్ట్ బాక్సులో ప్రశ్నార్థకాల వరసగా కనిపిస్తుంది, ఫైండ్‌ఫైల్‌కి దొరకదు, వీడియో ఆడదు. ఫైల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, 01, 02 అంటూ అంకెతో మొదలుపెట్టి పెట్టుకుంటే లిస్ట్ బాక్సులో పాఠాల వరస కూడా చెదరదు.